యుకులేలేతో మూడేళ్లు: నా సాధన పుస్తకాల నుంచి

2022 జూన్‌లో విశాఖపట్నంలో యుకులేలే అనే నాలుగు తీగల చిన్న వాయిద్యం కొన్న రోజునే ఒక నోటుపుస్తకం కూడా కొని, ఆ రోజు ఏమి వాయించాను, ఎంతసేపు వాయించాను, చేయి ఎక్కడ ఆగింది అనే మూడు విషయాలు క్రమం తప్పకుండా రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి అలాంటి పుస్తకాలు మూడు నిండాయి. వాటిని వరుసగా తిరగేస్తే నేను దేన్ని ప్రగతి అనుకున్నానో స్పష్టంగా కనబడుతుంది. మొదటి పుస్తకంలో ఎన్ని కార్డులు, అంటే ఒకేసారి కలిపి మీటే స్వరాల గుత్తులు, వచ్చాయో లెక్క రాశాను, రెండో దానిలో ఒక కార్డు నుంచి మరొక కార్డుకు నిమిషంలో ఎన్నిసార్లు మారగలిగానో రాశాను, మూడో దానిలో చెవికి ఏమి వినబడిందో రాశాను. ఈ మూడింటిలో చివరిదాన్ని మొదట పెట్టుకుని ఉంటే నాకు కనీసం ఎనిమిది నెలల శ్రమ తగ్గి ఉండేదని గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి పనికివస్తుందని ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాయిద్యం సంగతి. సొప్రానో, కాన్సర్ట్, టెనర్ అనే మూడు కొలతల్లో తీగ పొడవు సుమారుగా 13, 15, 17 అంగుళాలు ఉంటుంది, మూడింటికీ సాధారణంగా పెట్టే శ్రుతి ఒకటే: నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా వరుసగా జీ, సీ, ఈ, ఏ అనే పాశ్చాత్య స్వరాలు. నా వేళ్లు కాస్త లావు కాబట్టి నెక్ అనే కాడ మీద అడ్డంగా బిగించిన మెట్ల మధ్య చోటు ఉండాలని కాన్సర్ట్ తీసుకున్నాను, ఆ నిర్ణయం పట్ల ఇప్పటికీ తృప్తిగానే ఉన్నాను. అయితే కొన్న వాయిద్యంలో ఒక లోపం ఉన్న సంగతి రెండు నెలల దాకా నాకు తెలియలేదు. ఎఫ్ కార్డు పట్టుకున్నప్పుడల్లా రెండో తీగ శ్రుతికి పైకి పోయేది, వేలు నొప్పి పుట్టేది, తప్పు నాదేననుకుని ఇంకా గట్టిగా నొక్కేవాణ్ణి. తీరా చూస్తే నెక్ చివర తీగలు కూర్చునే నట్‌లో గాళ్లు తగినంత లోతుగా కోయలేదు. దీన్ని పరీక్షించడం చాలా సులువు. తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి. పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు, నా దానిలో విజిటింగ్ కార్డు దూరింది. గిటార్లు బాగుచేసే ఒకాయన సన్నటి ఆకురాయితో అరగంటలో ఆ గాళ్లు సరిచేసి ఇచ్చారు, ఆ సాయంత్రమే ఎఫ్ కార్డు నాకు మొదటిసారి శుభ్రంగా పలికింది. కొనేటప్పుడే చూసుకోవలసిన మరొక విషయం ఏమిటంటే, ఖాళీ తీగ స్వరానికీ పన్నెండో మెట్టు దగ్గర నొక్కిన స్వరానికీ సరిగ్గా ఒక స్థాయి తేడా ఉండాలి. శ్రుతిని కొలిచి చూపే ట్యూనర్ ముల్లు అక్కడ బాగా పక్కకు పోతుంటే ఆ వాయిద్యంపై ఎంత సాధన చేసినా పై మెట్లలో శ్రుతి కుదరదు.

కొత్త తీగలు నైలాన్ జాతివి కాబట్టి వారం, పది రోజుల పాటు సాగుతూనే ఉంటాయి, వాయించిన ప్రతిసారీ శ్రుతి దిగిపోతుంది. ఆ పది రోజులను విసుక్కుంటూ గడపకుండా చెవిని తయారు చేసుకోవడానికి వాడుకోవచ్చునని నాకు ఆలస్యంగా తోచింది. సీ తీగను షడ్జమం అనుకుంటే జీ పంచమం, ఈ అంతర గాంధారం, ఏ చతుశ్శ్రుతి ధైవతం అవుతాయి. శ్రుతిపెట్టెను ఒకటో శ్రుతిలో పెట్టుకుని, మొదట మూడో తీగను దానితో కలిపి, తరువాత నాలుగో తీగను పంచమంతో కలపడం నెల రోజుల్లో ట్యూనర్ చూడకుండానే వచ్చింది. గాంధారం దగ్గర మాత్రం ఒక చిక్కు ఎదురైంది. శ్రుతిపెట్టె నాదంలో పూర్తిగా లీనమయ్యేలా దాన్ని సవరిస్తే, ట్యూనర్ చూపే స్థానం కంటే కొద్దిగా కిందికి వస్తుంది. అప్పుడు సీ కార్డు ఎంతో తియ్యగా ఉంటుంది, కానీ అదే తీగ మొదటి మెట్టు మీద ఆధారపడే ఎఫ్ కార్డు దిగజారి వినబడుతుంది. మెట్లు సమానంగా పంచిన పన్నెండు స్వరస్థానాల ప్రకారం బిగించి ఉండడమే ఇందుకు కారణం. అందువల్ల షడ్జమ పంచమాలను చెవితో కలుపుకుని, మిగిలిన రెండు తీగలను ట్యూనర్‌తో సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మొదటి ఆరు నెలల్లో ఇరవై మూడు కార్డులు నేర్చుకున్నట్టు పుస్తకంలో ఉంది. సీ, ఏ మైనర్, ఎఫ్, జీ సెవెన్ అనే నాలుగింటితోనే వందల పాటలకు సహకారం ఇవ్వవచ్చు, అవి రెండు వారాల్లో పట్టుబడతాయి. నాలుగో తీగ నుంచి ఒకటో తీగ వరకు మెట్ల సంఖ్యలు రాస్తే ఏ మైనర్ 2000, ఎఫ్ 2010 అవుతాయి, అంటే మధ్యవేలిని ఎత్తనక్కరలేకుండా చూపుడువేలిని చేరిస్తే సరిపోతుంది. ఇలా కదలకుండా ఉండే వేలు ఏదో ముందుగా గుర్తించడమే కార్డు మార్పుల్లో సగం పని. ఇంతవరకు బాగానే ఉంది కానీ, డిసెంబరులో ఒక పాత సినిమా పాట వాయించి ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నప్పుడు నిజం బయటపడింది. ప్రతి కార్డు మార్పు దగ్గర నా కుడిచేయి ఆగిపోయి, ఎడమచేయి సిద్ధమయ్యాక మళ్లీ మొదలవుతోంది. వాయిస్తున్నప్పుడు నాకు ఆ ఖాళీ తెలియనే లేదు, మనసులో పాట సాగుతూనే ఉంది కాబట్టి అది దాన్ని పూడ్చేసుకుంది. ఇరవై మూడు కార్డులు వచ్చినా ఒక్క పాట రాలేదన్న మాట.

జనవరి నుంచి మూడు నెలలు కొత్త కార్డు ఒక్కటీ నేర్చుకోకుండా కుడిచేతి మీదే పని చేశాను, ఈ మూడేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన కాలం అదే. హవాయి భాషలో యుకులేలే అనే మాటకు ఎగిరే గోమారి అని అర్థం చెబుతారు. 1879 ఆగస్టులో రేవెన్‌స్క్రాగ్ అనే ఓడలో పోర్చుగల్ వారి మదీరా ద్వీపం నుంచి హోనొలులు చేరిన వలస కూలీలతో మషేట్ అనే చిన్న వాయిద్యం వచ్చిందనీ, అది అక్కడి వడ్రంగుల చేతుల్లో మారి యుకులేలే అయిందనీ చరిత్ర. తీగల మీద వేళ్లు చకచకా గెంతడం చూసి ఆ పేరు పెట్టారన్న వివరణ ప్రచారంలో ఉంది. పేరులోనే కుడిచేయి ఉందని నాకు అనిపిస్తుంది.

ఆ చేతిని ఎలా కదిలించాలో కాస్త వివరంగా చెబుతాను. తీగలను మీటవలసిన చోటు గిటార్‌కు లాగా రంధ్రం మీద కాదు, నెక్ బాడీతో కలిసే చోట, అక్కడ నాదం మెత్తగా వస్తుంది. కిందికి వచ్చేటప్పుడు చూపుడువేలి గోరు, పైకి పోయేటప్పుడు వేలి కండ తగలాలి. కదలిక మోచేతి నుంచి కాకుండా మణికట్టు నుంచి, కడుక్కున్న చేతికి అంటిన నీళ్లు విదిలించినట్టుగా రావాలి. అందరూ మొదట నేర్చుకునే వరుస ఇది: కిందికి, కిందికి పైకి, పైకి, కిందికి పైకి. దీన్ని ఆరు దెబ్బలుగా కంఠస్థం చేయడమే నేను చేసిన పొరపాటు. నిజానికి చేతికి ఎనిమిది కదలికలు ఉన్నాయి, నాలుగు కిందికి, నాలుగు పైకి. మొదటి పైకదలికలోనూ మూడో కిందికదలికలోనూ చేయి తీగలను తాకకుండా గాలిలోనే పోతుంది. అంటే చేయి ఎన్నడూ ఆగదు, ఆదితాళంలో ఎనిమిది అక్షరాలను లెక్కపెట్టినట్టు ఎనిమిదీ కదులుతుంది, తాకడమా మానడమా అన్నది మాత్రమే మారుతుంది. తకధిమి తకధిమి అని నోటితో అంటూ లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి వాయిస్తే ఇది మూడు రోజుల్లో చేతికి ఎక్కింది. తకిట మీద మూడు దెబ్బల పాటలు, తకతకిట మీద ఐదు దెబ్బల నడకలు ఆ తరువాత అంత కష్టమనిపించలేదు.

అదే కాలంలో నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. కార్డు మార్పు సమయానికి ఎడమచేయి సిద్ధంగా లేకపోతే, తీగలను ఖాళీగానైనా మీటాలి గానీ కుడిచేయి ఆగకూడదు. మొదటి వారం వినడానికి బాగుండదు. రెండో వారం నుంచి ఎడమచేయే పరుగెత్తుకుంటూ వచ్చి అందుకోవడం నేర్చుకుంటుంది. దీనికి తోడుగా గడియారం పెట్టుకుని ఒక నిమిషంలో సీ నుంచి జీ సెవెన్‌కు ఎన్నిసార్లు శుభ్రంగా మారగలనో లెక్కపెట్టేవాణ్ణి: జనవరి మొదటి వారంలో 14, ఫిబ్రవరి చివరికి 41.

రెండో సంవత్సరంలో ఎక్కువ భాగం బీ ఫ్లాట్‌తోనూ ఈ మేజర్‌తోనూ గడిచింది. బీ ఫ్లాట్ ఆకారం 3211, ఇందులో చూపుడువేలు రెండు తీగలను ఒకేసారి నొక్కాలి. బలం చాలడం లేదని బొటనవేలితో నెక్‌ను వెనక నుంచి బిగించడం వల్ల మణికట్టు నొప్పి వచ్చి ఒక వారం పూర్తిగా ఆపవలసి వచ్చింది. వేలి మెత్తటి భాగంతో కాకుండా కొంచెం పక్కకు తిప్పి ఎముక అంచుతో, మెట్టుకు బాగా దగ్గరగా నొక్కితే చాలా తక్కువ బలం సరిపోతుంది. ఈ కార్డు వచ్చిన తరువాత ఒక పెద్ద తలుపు తెరుచుకుంది. అదే ఆకారాన్ని ఒక మెట్టు జరిపి 4322 పట్టుకుంటే బీ, ఇంకొక మెట్టు జరిపి 5433 పట్టుకుంటే సీ అవుతుంది. ఏ మైనర్‌ను రెండు మెట్లు జరిపి 4222 పట్టుకుంటే బీ మైనర్. ఆకారాలు జరుగుతాయని తెలిశాక కార్డుల పట్టిక కంఠస్థం చేయవలసిన అవసరం తప్పింది. ఈ మేజర్ 4442 మాత్రం నాకు ఇప్పటికీ వేగంలో తడబడుతుంది కనుక, పాట ఒప్పుకున్నచోట 1202 ఆకారంలో ఈ సెవెన్ వాడుతున్నాను.

మా అమ్మాయికి సహకారంగా వాయించడం మొదలుపెట్టినప్పుడు మరొక లోటు తెలిసింది. తను ఐదో శ్రుతిలో, అంటే జీలో పాడుతుంది, నేను నేర్చుకున్నవన్నీ సీలో ఉన్నాయి. కార్డులను పేర్లతో కాకుండా స్థానాలతో గుర్తుపెట్టుకోవడం అప్పుడు అలవాటైంది: సీలో ఒకటి, నాలుగు, ఐదు, ఆరు స్థానాల్లో ఉండే సీ, ఎఫ్, జీ, ఏ మైనర్, జీలోకి వస్తే జీ, సీ, డీ, ఈ మైనర్ అవుతాయి. అంతకంటే కష్టమైన పాఠం గొంతు వినబడేలా తక్కువ వాయించడం. "నాన్నా, చరణంలో నా మాట నాకే వినబడటం లేదు" అని తను అన్న రోజు నుంచి పల్లవికి నాలుగు తీగలు, చరణానికి బొటనవేలితో రెండే తీగలు మీటుతున్నాను.

మూడో సంవత్సరం పాట స్వరాన్నే వాయించాలన్న కోరిక కలిగింది. ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది. మామూలు శ్రుతిలో నాలుగో తీగ మూడో తీగ కంటే హెచ్చు స్వరంలో ఉంటుంది కాబట్టి, వాయిద్యంలో అన్నిటికంటే కింది స్వరం సీ. దాన్నే షడ్జమం చేసుకుంటే మంద్రస్థాయి అసలే ఉండదు, మన పాటలేమో షడ్జమం కిందికి దిగకుండా ఉండడం అరుదు. ఎఫ్‌ను షడ్జమం చేసుకుంటే మంద్ర పంచమం దాకా దొరుకుతుంది. మరో దారి నాలుగో తీగ స్థానంలో మంద్ర జీ తీగ వేసుకోవడం. నేను రెండో వాయిద్యంగా ఒక టెనర్ కొని దానికి ఆ తీగ వేశాను. లోహపు చుట్టు ఉన్న తీగ కాబట్టి సముద్రపు గాలికీ చేతి చెమటకూ నాలుగు నెలల్లో నల్లబడి నాదం తగ్గుతోంది, వాయించాక పొడిబట్టతో తుడవడం తప్పనిసరి.

సరళీ స్వరాలు యుకులేలే మీద చక్కగా కుదురుతాయి. మాయామాళవగౌళలో స మూడో తీగ ఖాళీ, రి దాని మొదటి మెట్టు, గ రెండో తీగ ఖాళీ, మ, ప, ద అదే తీగ మీద ఒకటి, మూడు, నాలుగు మెట్లు, ని మొదటి తీగ రెండో మెట్టు, పై స మూడో మెట్టు. మూడు కాలాల్లో సాధన చేస్తే ఎడమచేతి వేళ్లు నాలుగూ సమానంగా పనిచేయడం మొదలవుతుంది. మోహనం ఇంకా దగ్గరిది. ఖాళీ తీగలు నాలుగూ ఆ రాగ స్వరాలే, మిగిలింది ఒక్క రిషభం. అమెరికా వాద్యకారుడు జాన్ కింగ్ ప్రచారంలోకి తెచ్చిన కాంపనెల్లా పద్ధతిలో వరుస స్వరాలను వేరువేరు తీగల మీద పలికిస్తారు, ఒకటి మోగుతుండగానే మరొకటి గంటల్లా కలుస్తుంది. అలా మోహనంలో గ, ప, ద మూడూ ఖాళీ తీగల మీద, పై స నాలుగో తీగ ఐదో మెట్టు మీద వస్తే ఇల్లంతా నాదం నిలుస్తుంది. అయితే గమకం విషయంలో ఆశ పెట్టుకోకూడదు. వీణ తీగను మెట్టు మీద పక్కకు లాగి స్వరాలు దాటించినట్టు ఈ తీగను లాగలేము, కొద్దిపాటి కంపనం, జారు మాత్రమే సాధ్యం. నాదం కూడా త్వరగా అణగిపోతుంది కనుక, దీర్ఘ స్వరాన్ని రెండుసార్లు మీటి నిలపడం నేర్చుకుంటున్నాను.

ఇప్పుడు రోజుకు ముప్పై ఐదు నిమిషాలు వాయిస్తున్నాను. పది నిమిషాలు సరళీ స్వరాలు, పది నిమిషాలు మెట్రోనోమ్‌తో కుడిచేయి, మిగిలిన సమయం ఒక పాట, ఆదివారం ఆ పాట రికార్డింగ్. మొన్నటి ఆదివారం రాసుకున్నది ఇది: "మోహనం, రెండో కాలం, 72. ద నుంచి పై సకు పోయేటప్పుడు ద తీగకు ఉంగరపు వేలు తగిలి నాదం తెగుతోంది. వేలిని నిటారుగా దించాలి. వచ్చే వారం 60 నుంచి మళ్లీ."