ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా

ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం సుమారు పాతిక కిలోమీటర్లు, అక్కణ్నుంచి ఎగువ అహోబిలం మరో ఎనిమిది. తొమ్మిది నరసింహ క్షేత్రాలనూ ఒక్క రోజులో ముగించాలని చూస్తే ఎక్కడా నిలిచి దణ్ణం పెట్టుకునే తీరిక దొరకదు. మేం రెండు రోజులు పెట్టుకున్నాం. పావన, భార్గవ క్షేత్రాలకు అడవి బాట, జీపు మాట్లాడుకోవాలి. ఛత్రవట, యోగానంద, కారంజ ఆటోలో తేలిక. అసలు నడకంతా ఎగువనే.

ఎగువ గుడిలో స్వామిని చూసుకుని పొద్దున్నే కదలాలి. ఎండ ఎక్కితే బండలు కాలతాయి, మధ్యాహ్నం గుళ్లు మూస్తారు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, చేతికర్ర, పట్టున్న బూట్లు ఉండాలి. తినుబండారాలు చేతిసంచిలో వేలాడదీస్తే కోతులు లాక్కుపోతాయి, వీపు సంచిలో పెట్టండి. పెద్దవాళ్లకు డోలీ ఉంది.

దారి భవనాశి వాగు పక్కనే. ముందు భూదేవిని కోర మీద నిలిపిన క్రోడ నరసింహుడు, అక్కణ్నుంచి బండల మీదుగా ఎక్కుడు. జారిపడేది నిటారు మెట్ల మీద కాదు, వాగు దాటే చోట నాచు పట్టిన గుండ్ల మీద. కర్రతో నొక్కి చూసుకునే అడుగు వేయాలి. వానాకాలంలో వాగు పొంగితే వెనుదిరగడమే, మొండికి పోవద్దు. జ్వాల దగ్గర పడేసరికి కొండ చరియ కింద నడుస్తాం, పైనుంచి జలధార జాలువారుతుంది. ఫోన్లు ముందే లోపల పెట్టుకోవాలి.

హిరణ్యకశిపుణ్ణి చీల్చింది ఇక్కడేనంటారు. గుడి చిన్నదే, మూర్తి మాత్రం చూపు తిప్పుకోనివ్వదు. ఎనిమిది చేతులు: రెండు రాక్షసుణ్ణి తొడ మీద అదిమిపట్టాయి, రెండు పొట్ట చీలుస్తున్నాయి, రెండు పేగులు మాలగా ఎత్తాయి, మిగతా రెండింట శంఖచక్రాలు. హారతి వెలుగు పక్క నుంచి పడ్డప్పుడు ఆ గోళ్లు చూడండి. దగ్గరే రక్తకుండం, స్వామి చేతులు కడుక్కున్న చోటు. గుంటలో ఎర్రగా కనబడే నీరు దోసిట్లోకి తీస్తే తేటగా ఉంటుంది.

దిగేటప్పుడు మాలోల నరసింహుడు. 'మా' అంటే లక్ష్మి. ఆమెతో కొలువైన శాంతమూర్తి. జ్వాల చూశాకే ఈ గుడికి రావాలి, అప్పుడే ఆ చల్లదనం తెలుస్తుంది. ఇంకాస్త ఎక్కితే ప్రహ్లాదబడి, బండంతా పలక మీద పిల్లల రాతల్లాంటి గీతలు.

కోపం చల్లారక అడవిలో తిరిగిన స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని ఇక్కడి కథ. చెంచులకు ఆయన అల్లుడు. ఏటా జరిపే ఆ పెళ్లికి ఊళ్లవాళ్లను పిలవడానికే కనుమ నాడు పారువేట, అంటే స్వామి వేటకు బయలుదేరే ఉత్సవం, పల్లకీ కదులుతుంది. నలభై రోజులకు పైబడి ఊళ్లు తిరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్తే ఉత్సవమూర్తులు గుడిలో ఉండరు. పల్లకీ ఏ ఊళ్లో ఉందో ఆళ్లగడ్డలోనే వాకబు చేసుకుని అటే వెళ్లండి.