మూడడుగుల ఎత్తులో చీమల బారు

విజయవాడలో బస్సెక్కి, కనకదుర్గ వారధి, మంగళగిరి దాటి గుంటూరులో దిగాను. ఓ అంగన్వాడీ గోడలకు బొమ్మలేస్తున్న ఆర్టిస్టు పని దగ్గరుండి చూడాలని.

వెళ్లేసరికి ఆయన టేపుతో గోడ కొలుస్తున్నారు. అంగన్వాడీకి వచ్చేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. వాళ్ల కంటి ఎత్తు నేల నుంచి సుమారు రెండుముప్పావు నుంచి మూడున్నర అడుగులు. ముఖ్యమైన బొమ్మలన్నీ ఆ పట్టీలోనే వేస్తారట. చాలాచోట్ల అయిదడుగుల పైన వేస్తారు; అవి ఫొటోకు బాగుంటాయి గానీ పిల్లలకు అందవు.

చిక్కంతా ఇక్కడే. పాత గోడల్లో నేల చెమ్మ పైకెక్కేదీ ఇంచుమించు ఆ ఎత్తుకే. చెమ్మ ఆరాక మిగిలిన ఉప్పు రంగును లోపల్నుంచి నెట్టేస్తుంది. కడగడానికి వీలని కింద ఎనామిల్ (మెరిసే నూనె రంగు) వేస్తే మరీ ముప్పు: చెమ్మకు దారి మూసుకుపోయి బొబ్బలు లేస్తాయి. అందుకే ఆయన నీళ్లతో కలిపే ఎమల్షన్ రంగే వాడుతున్నారు. ముందు అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలారు. లోపలివైపు నీటిబొట్లు కనిపిస్తే పని ఆపాల్సిందే. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి; నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పాత సున్నం పొరను గట్టి గోడ తగిలేదాకా గీకాలి. దానిమీదే రంగేస్తే రెండూ కలిసి ఊడతాయి. తర్వాత గోడను నున్నగా చేసే పుట్టీ, రంగు పట్టడానికి ప్రైమర్.

కిటికీల పాత ఎనామిల్‌ను మాత్రం తడిపి రుద్దుతున్నారు. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందువాటి దుమ్ము పిల్లలున్న చోట ఎగరకూడదు.

కాగితం మీది బొమ్మను గోడకు పెంచి ఎక్కించడానికి గళ్లు గీస్తారు: కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి. గీతలకు పసుప్పచ్చ సుద్ద; పెన్సిల్ గీత లేత రంగుల్లోంచి కనిపిస్తుంది. తెల్ల ఎమల్షన్ లీటరుకు స్టెయినర్ (రంగు తెప్పించడానికి కలిపే చిక్కటి ద్రవం) 30 మిల్లీలీటర్లు దాటనివ్వరు, ఎక్కువైతే రంగు చేతికంటుతుందని. ముదురు ఎరుపు కావాలంటే రెడీమేడ్ డబ్బా కొనాల్సిందే. మిరపపండ్ల కల్లం బొమ్మకు అదే వాడారు.

పిల్లలు గోడకు జానెడు దూరంలో నిలబడతారు. అక్కణ్నుంచి ఆరడుగుల ఏనుగు వాళ్లకు ముక్కలుగానే కనిపిస్తుంది. కాబట్టి పెద్ద బొమ్మలోనూ అరచేతంత విశేషాలుండాలి. ఏనుగు కాలు పక్కన చీమల బారు గీశారు, ఒక్కో చీమా బొటనవేలి గోరంత. ఆరిన భాగం దగ్గర ఓ పాప చీమచీమకూ వేలు పెట్టుకుంటూ గది మూలదాకా వెళ్లింది. నాకైతే ఆ గోడ మొత్తంలో గొప్ప పని అదే.

పైపూతకు మెరుపు లేని వార్నిష్. మెరిస్తే కిటికీ వెలుతురు పడి బొమ్మ కనిపించదు. కలిపిన ప్రతి రంగూ కొంచెం సీసాలో పోసి, పేరు రాసి ఆయమ్మకు అప్పగిస్తున్నారు. వానాకాలం పోయాక కింది అడుగు భాగానికి ఎలాగూ మళ్లీ చెయ్యి పెట్టాలి.