సావ్ బెంటో స్టేషన్ గోడలు

పోర్చుగల్‌లోని పోర్టోలో సావ్ బెంటో అని ఒక రైల్వే స్టేషన్ ఉంది. మా అమ్మాయి ఆ ఊళ్లోనే చదువుతోంది. గుంటూరులో టైల్స్ షాపు నడిపేవాణ్ణి, తనను చూడటానికి వెళ్లి ఆ స్టేషన్ చూడకుండా ఎలా వస్తాను?

లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. హాలు గోడల నిండా దాదాపు 20,000 టైల్స్, ఎక్కువగా నీలం, తెలుపు. బొమ్మలు జోర్జ్ కొలాసో అనే చిత్రకారుడివి. ఒకప్పుడు అక్కడ సన్యాసినుల మఠం ఉండేదట. ఇప్పటి స్టేషన్ భవనం 1916లో ప్రారంభమైంది. పైన రంగుల పట్టీలో పాతకాలం బండ్ల నుంచి రైలు దాకా ప్రయాణాల చరిత్ర వేశారు.

అందరూ యుద్ధాల బొమ్మల ముందు ఫొటోలు దిగుతున్నారు. నన్ను కదలనివ్వనిది ఎగాస్ మోనిజ్ బొమ్మ. పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సో హెన్రిక్స్‌ను పెంచి పెద్దచేసినవాడు ఈయన. లియోన్ అనే పొరుగు రాజ్యం రాజు ముట్టడికి వస్తే, "మావాడు మీకు లొంగి ఉంటాడు" అని మాటిచ్చి వెనక్కి పంపాడట. ఆయన చేతుల్లో పెరిగిన అఫోన్సో ఆ మాట నిలబెట్టలేదు. అప్పుడు ఎగాస్ మెడలో ఉరితాడు వేసుకుని, భార్యాపిల్లలతో సహా ఆ రాజు ముందుకు వెళ్లి, మా ప్రాణాలు తీసుకోండి అన్నాడని కథ. రాజు క్షమించి పంపాడు.

"మన హరిశ్చంద్రుడిలా ఉన్నాడు కదా నాన్నా" అంది అమ్మాయి. హరిశ్చంద్రుడు తన మాట కోసం కష్టపడ్డాడు. ఈయన వేరేవాళ్లు తప్పిన మాటకు తన పిల్లల్ని కూడా తీసుకెళ్లి నిలబెట్టాడు. నాకు ఒళ్లు జలదరించింది.

ఇక టైల్స్ సంగతి. మా షాపుకు వచ్చేవాళ్లు ముందు అడిగేది జాయింట్ కనపడని టైల్ ఉందా అనే. అందుకే గుజరాత్‌లోని మోర్బీ నుంచి అంతంత పెద్ద సైజులు తెప్పిస్తాం. ఇక్కడ చిన్న చిన్న పలకలు, గళ్లన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఒక టైల్‌లో మొదలైన గీత పక్క టైల్‌లోకి చక్కగా సాగిపోతుంది. బొమ్మ వేసిన చెయ్యి ఎంత గొప్పదో, వాటిని గోడకు పేర్చిన చేతులూ అంత గొప్పవని నా నమ్మకం.

గుంటూరు వచ్చాక మా మేస్త్రికి ఫొటోలు చూపించాను. ఆయన ఫోన్లో బొమ్మను పెద్దది చేసి, తలుపుల పక్కన, మూలల్లో చాలాసేపు వెతికాడు.

"కట్ పీసు ఒక్కటీ కనపడట్లేదండీ. గోడ కొలతలు తీసుకున్నాకే బొమ్మ మొదలుపెట్టి ఉంటారు" అన్నాడు.