బొగ్గు గని నుంచి జంక్షన్ దాకా: ఓపెన్‌టీటీడీలో రైలు మార్గం కట్టిన నా అనుభవం

రవాణా వ్యాపార ఆటల్లో డబ్బు కోసం తంటాలు మొదటి కొన్నేళ్లే. ఆ తర్వాత ఖాతా దానంతటదే నిండుతుంది, అటు చూడటం కూడా మానేస్తాం. అయినా ఆట వదలబుద్ధి కాదు. ఈరోజు వేసిన పట్టా రేపు వేయబోయే పట్టాకు షరతు పెడుతుంది. ఎక్కడైనా రైళ్లు బారులు తీరాయంటే దాని కారణం మ్యాప్‌లో ఫలానా గడిలో, ఫలానా సిగ్నల్ దగ్గర ఉంటుంది. వెతికితే కచ్చితంగా దొరుకుతుంది, సరిచేస్తే మొత్తం లైను కళ్లముందే కదులుతుంది. నన్ను ఈ ఆటలకు కట్టిపడేసింది ఇదే. అందుకే మొదటి బొగ్గు లైను నుంచి రద్దీ జంక్షన్ దాకా నేను కట్టే తీరు, అందులో చెడిపోయేవి, వాటి కారణాలు వరసగా రాస్తున్నాను.

సిడ్ మైయర్ రైల్‌రోడ్ టైకూన్ 1990లో, క్రిస్ సాయర్ ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ 1994లో వచ్చాయి. రెండోదాని డీలక్స్ రూపాన్ని తిరగరాస్తూ 2004లో మొదలైందే ఓపెన్‌టీటీడీ. ఇది ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ఇక్కడ రాసేదంతా దాని గురించే. 2016లో వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ ఫీవర్ లాంటి ఆటల్లో పట్టాలు గడుల్లో కాకుండా మనకు నచ్చిన వంపులో వేసుకోవచ్చు, చూడటానికి ఎంతో బాగుంటాయి. కానీ రైళ్ల రాకపోకల లెక్కను గడి గడికీ విప్పి చూపించడంలో ఓపెన్‌టీటీడీకి సాటి లేదని నా అభిప్రాయం.

కొత్త ఆటకు 256×256 మ్యాప్, 1950 ప్రారంభం చాలు. ఒక్కో వైపు 4096 గడుల దాకా పెంచుకోవచ్చు గానీ మొదట్లో అంత స్థలంతో పనిలేదు. బ్రేక్‌డౌన్లను తగ్గించి పెడతాను, పూర్తిగా ఆపను. రైళ్ల వేగం పుంజుకునే పద్ధతిని వాస్తవిక నమూనాకు మారుస్తాను. అప్పుడే ఇంజన్ హార్స్‌పవర్‌కీ బరువుకీ ఎత్తుపల్లాలకీ అర్థం ఉంటుంది. ఇంకో సెట్టింగ్ తప్పనిసరి: రైళ్లు రిజర్వు చేసుకున్న పట్టాలను రంగు తేడాతో చూపించేది. దాని అవసరం సిగ్నళ్ల దగ్గర తెలుస్తుంది.

కంపెనీ 1,00,000 పౌండ్ల అప్పుతో మొదలవుతుంది. మామూలు సెట్టింగుల్లో 3,00,000 దాకా తీసుకోవచ్చు. నేను మొత్తం ముందే తీసేసుకుంటాను, ఎందుకంటే సగంలో ఆగిన లైను పైసా తేదు. మొదటి లైనుకు బొగ్గే మంచిది. సరకు చెల్లింపుల గ్రాఫ్ తెరిస్తే కారణం కనబడుతుంది. పది యూనిట్లను 20 గడుల దూరం చేర్చితే ఎంత వస్తుందో, ఆలస్యమయ్యేకొద్దీ అది ఎలా తగ్గుతుందో అందులో ఉంటుంది. ప్రయాణికుల గీత మొదటి నుంచే దిగుతుంది. బొగ్గు గీత కొన్నాళ్లు నిలకడగా ఉండి, తర్వాత నెమ్మదిగా వాలుతుంది. 1950ల నాటి ఇంజన్లతో నడిపేటప్పుడు ఆలస్యాన్ని ఓర్చుకునే సరకే కావాలి.

దూరం విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. ఆట డబ్బు లెక్కగట్టేది పట్టాల పొడవును బట్టి కాదు. రెండు స్టేషన్ల మధ్య అడ్డం గడులూ నిలువు గడులూ కలిపితే వచ్చే సంఖ్యను బట్టి. కొండ చుట్టూ తిప్పిన పట్టాకు ఖర్చూ ఆలస్యమూ తప్ప అదనపు రాబడి ఉండదు. అలాగని ఐమూలగా వేసిన లైను నష్టమేమీ కాదు. నేను 60 నుంచి 100 గడుల మధ్య ఉన్న గని, విద్యుత్ కేంద్రం జంటను ఎంచుకుంటాను. మరీ దగ్గరైతే రైలు జీవితమంతా లోడింగ్‌లోనే గడిచిపోతుంది. మరీ దూరమైతే మొదటి చెల్లింపు వచ్చేలోగా చేతిలో డబ్బు అయిపోతుంది. గని నెలకు 120 టన్నులకు తగ్గకుండా తీస్తుంటే ఇంకా మంచిది.

స్టేషన్లు 5 గడుల పొడవు, రెండేసి ప్లాట్‌ఫారాలు. ఇంజనైనా వ్యాగనైనా ఒక్కోటి అర గడి కాబట్టి 5 గడుల్లో ఒక ఇంజను, 9 వ్యాగన్లు పడతాయి. బొగ్గు వ్యాగన్ 20 టన్నులు మోస్తుంది, అంటే రైలుకు 180 టన్నులు. కిర్బీ పాల్ ట్యాంక్ ఇంజను చవక, కానీ 300 హార్స్‌పవర్‌తో గంటకు 64 కి.మీ. మించదు. 9 నిండు వ్యాగన్లతో ఎత్తు ఎక్కాల్సి వస్తే అది దాదాపు పాకుతుంది. 1000 హార్స్‌పవర్, 112 కి.మీ. వేగం ఉన్న జూబిలీ ఇంజనుకు పెట్టిన ఖర్చు వృథా కాదు. ఎత్తులు తప్పకపోతే వరసగా రెండు మెట్లు ఎక్కించకుండా మధ్యలో సమతలం వదలాలి. నిండు రైలు ఎక్కేది గని నుంచి వచ్చే వైపే కాబట్టి జాగ్రత్తంతా ఆ దిశలోనే. ఖాళీగా తిరిగొచ్చే దిశలో ఎత్తు ఉన్నా పెద్దగా బాధ లేదు.

స్టేషన్ కట్టగానే బొగ్గు పోగవదు. మొదటి రైలు వచ్చి ఎక్కించుకోవడానికి ప్రయత్నించాకే గని సరకు పంపడం మొదలుపెడుతుంది. అప్పుడు స్టేషన్ రేటింగ్, అంటే గని సరకులో మనకు దక్కే వాటా, 69 శాతం దగ్గర ఆరంభమవుతుంది, అది మనం నడిపే తీరును బట్టి మారుతుంది. నెలకు 150 టన్నులు తీసే గనిలో రేటింగ్ 65 శాతమైతే మనకు అందేది సుమారు 98 టన్నులే. ఈ రేటింగ్ ఎలా పుడుతుందో తెలిస్తే సగం ఆట తెలిసినట్టే. అన్నిటికంటే పెద్ద వాటా చివరిసారి రైలు సరకు ఎక్కించుకుని ఎన్నాళ్లయిందన్నదానిది: ఏడున్నర రోజుల్లోపైతే 51 శాతం, 15 రోజుల్లోపు 37, 30 రోజుల్లోపు 20, ఆపైన 52 రోజుల దాకా 10. ప్లాట్‌ఫారం మీద సరకు తక్కువగా పేరుకుంటే 16 శాతం దాకా కలుస్తుంది. 1500 యూనిట్లు దాటి పేరుకుపోతే 35 శాతం కోత. రైలు కొత్తదైతే 13 దాకా, వేగానికి 17 దాకా. ఆ వేగం వాటా గంటకు సుమారు 85 కి.మీ. దాటాకే మొదలవుతుంది, కిర్బీ పాల్‌కు సున్నా. ఊళ్లో కంపెనీ విగ్రహం పెట్టిస్తే ఇంకో 10.

గని దగ్గర ‘నిండా లోడయ్యాకే కదలాలి’ అనే ఆర్డర్ ఎందుకు పెడతామో ఇప్పుడు అర్థమవుతుంది. ఎప్పుడూ ఒక రైలు లోడవుతూ నిలబడి ఉంటే ఆ 51 శాతం చెక్కుచెదరదు. రేటింగ్ నిలబడితే ఇంకో లాభం కూడా ఉంది. ఆర్థిక వ్యవస్థను నిలకడ పద్ధతిలో ఉంచినప్పుడు, సరకులో 60 శాతం కంటే ఎక్కువ తరలిస్తే, గని ఉత్పత్తి మారిన ప్రతిసారీ అది పెరిగే అవకాశం మూడింట రెండు వంతులు. అంతకంటే తక్కువ తరలిస్తే తగ్గే అవకాశమే రెండు వంతులు.

ఎన్ని రైళ్లు కావాలో ఊహించనక్కర్లేదు. మొదటి రైలు గని వదిలిన తేదీ, మళ్లీ గని చేరిన తేదీ చూసుకుంటే చాలు. రానూపోనూ 4 నెలలనుకుందాం. 98 టన్నుల చొప్పున 4 నెలలకు 392 టన్నులు, దాన్ని 180తో భాగిస్తే రెండు పైచిలుకు. లోడవుతూ నిలబడేది ఒకటి కలిపి 3 రైళ్లు. ఆటలో రోజు దాదాపు 2 సెకన్లు, ఏడాది 12 నిమిషాలకు కాస్త ఎక్కువ. కాబట్టి ఈ కొలతకు 4 నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది. 3 చాలిన చోట 6 పెడితే స్టేషన్ బయట బారు తప్ప అదనంగా వచ్చేదేమీ ఉండదు.

ఇక సిగ్నళ్లు. కొత్తవాళ్లు ఆట వదిలేసేది ఇక్కడే. ఈ అడ్డంకి దాటినవాళ్లు మాత్రం ఇక వదలరు.

బ్లాక్ సిగ్నల్ తన ముందున్న పట్టాల ముక్క మొత్తం ఖాళీగా ఉంటేనే రైలును పంపుతుంది. జంక్షన్‌లో అలాంటిది పెడితే, ఒకదానికొకటి తగలని దారుల్లో వెళ్లే రెండు రైళ్లలో కూడా ఒకటి ఆగాల్సిందే. పాత్ సిగ్నల్ అలా కాదు. రైలు వెళ్లబోయే దారిని మాత్రమే, తర్వాత ఆగగలిగే చోటు దాకా రిజర్వు చేస్తుంది. అందుకే జంక్షన్లకూ స్టేషన్ ముఖద్వారాలకూ పాత్ సిగ్నల్ ఒక్కటి తెలిస్తే చాలు, అందులోనూ ఎక్కువగా వాడేది ఏకదిశ రకం.

దీనికి నియమం ఒక్కటే: రైలు ఎక్కడ ఆగినా ఎవరికీ అడ్డం కాదో అక్కడే సిగ్నల్ పెట్టాలి. జంక్షన్‌కు ముందు పెట్టాలి, మధ్యలో పెట్టకూడదు. జంక్షన్ దాటాక మొదటి సిగ్నల్‌కు మధ్య అన్నిటికంటే పొడవైన రైలు పట్టేంత జాగా ఉండాలి. 5 గడుల రైళ్లు నడుస్తుంటే 5 గడులు పూర్తిగా వదలాలి. 3 గడులకే సిగ్నల్ పెడితే అక్కడ ఆగిన రైలు తోక జంక్షన్‌లో ఉంటుంది. అడ్డంగా వెళ్లాల్సిన రైలు దాని కోసం ఆగుతుంది, దాని తోక ఇంకో దారిని మూస్తుంది. అలా నాలుగు దిక్కులూ ఒకదాని కోసం ఒకటి కాచుకుంటే ఆ ముడి దానంతటది ఎప్పటికీ విడదు.

చివరి స్టేషన్ ముఖద్వారంలో రెండు లైన్లూ ఒకదాన్నొకటి దాటేలా కత్తెర ఆకారపు పట్టా వేస్తాను. లోపలికొచ్చే లైను మీద, కత్తెరకు ముందు, ఒక ఏకదిశ పాత్ సిగ్నల్. బయటికెళ్లే లైను మీద, కత్తెర దాటి రైలు పొడవు వదిలాక, ఇంకొకటి. ప్లాట్‌ఫారాల మూతి దగ్గర ఏమీ అక్కర్లేదు. పట్టా అక్కడితో ముగుస్తుంది కాబట్టి రైలు ఆగడానికి అదే భద్రమైన చోటు. కత్తెరకూ ప్లాట్‌ఫారానికీ మధ్య ఏకదిశ సిగ్నల్ పెడితే అటు రావడమో ఇటు పోవడమో శాశ్వతంగా మూసుకుపోతుంది. ‘రైలు దారి తప్పింది’ అనే సందేశం పదే పదే వస్తుంటే మొదట చూడాల్సింది ఇదే.

తిన్నటి లైను మీద సిగ్నళ్లను కంట్రోల్ కీ నొక్కి లాగితే తర్వాతి జంక్షన్ దాకా అవే పరుచుకుంటాయి. మధ్య దూరం సమానంగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే లైను ఎన్ని రైళ్లను మోయగలదో తేల్చేది అందులోని అతిపెద్ద ఖాళీ. వంతెన మీద, సొరంగంలో సిగ్నల్ పెట్టలేం, కాబట్టి 12 గడుల వంతెన ఉందంటే ఆ 12 గడుల్లో ఒక్క రైలే ఉండాలి. మిగతా లైనంతా 2 గడులకో సిగ్నల్ ఉన్నా లాభం లేదు. పక్కనే ఇంకో వంతెన కట్టి, లైనును రెండుగా చీల్చి, అవతల మళ్లీ కలపాలి. లోయల మీద ఇలా జంట వంతెనలు కట్టిన లైన్లు చూడటానికి కూడా నాకెంతో ఇష్టం.

రెండో గనిని అదే లైనుకు కలిపినప్పుడు అసలు పరీక్ష. పక్క నుంచి వచ్చే రైలు సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరితే నెమ్మదిగా మెయిన్ లైను ఎక్కుతుంది. వెనక పూర్తి వేగంతో వస్తున్నవి బ్రేకు వేస్తాయి, ఆ బ్రేకు వెనక్కి వెనక్కి పాకుతుంది. కలిసే చోటు ఎత్తు మీద ఉంటే కష్టం రెట్టింపు. కలిసే పట్టాను సమతలం మీద, వీలైతే దిగుడు మీద ఉంచాలి. బిగుతైన మలుపులు కూడా వేగం తగ్గిస్తాయి కాబట్టి వరస మలుపుల మధ్య కొన్ని గడులు తిన్నగా వదలాలి. 64 కి.మీ. పాత ఇంజను ఒక్కటి మిగిలినా లైనంతా 64కే నడుస్తుంది, దాన్ని మార్చాక గానీ కొత్త ఇంజన్ల డబ్బు గిట్టదు.

బ్రేక్‌డౌన్ల వల్ల కూడా ఇలాంటి ఆలస్యాలే పుడతాయి. మామూలుగా రైలు 150 రోజులకోసారి సర్వీసింగ్‌కు డిపో వెతుక్కుంటుంది. డిపోను మెయిన్ లైనుకే అతికిస్తే లోపలికి దూరే, బయటికొచ్చే ప్రతి రైలూ లైనును ఆపుతుంది. నేను స్టేషన్ వదిలే దారిలో, వేగం ఎలాగూ తక్కువగా ఉండే చోట, పక్క పట్టా మీద పెడతాను.

బారు కనబడినప్పుడు దాని తోక దగ్గర చూసి లాభం లేదు. ముందుకు వెళ్తూ మొదట ఆగిన రైలును పట్టుకోవాలి. అది ఏ సిగ్నల్ దగ్గర ఉంది, ఆ సిగ్నల్ ముందు ఏ పట్టా రంగు మారి ఉంది, ఆ రిజర్వేషన్ ఎవరిది అని చూడాలి. ఆ రైలు దగ్గరికి వెళ్లి మళ్లీ అదే ప్రశ్న. మూడు నాలుగు మెట్లలో మూలం దొరుకుతుంది: ఖాళీ కాని ప్లాట్‌ఫారం, పొడవు చాలని ఖాళీ, ఎత్తు మీద పాకుతున్న ఇంజను. సరిచేసిన తర్వాత రైళ్లు ఒక్కొక్కటే వేగం అందుకోవడం చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను.

ప్రయాణికుల బండ్లకు ‘నిండా లోడు’ ఆర్డర్ వద్దు, ఎక్కినవాళ్ల ఛార్జీ నిలబడ్డ చోటే కరిగిపోతుంది. ఊరు పెరగాలంటే 5 స్టాపుల దాకా క్రమం తప్పకుండా బండ్లు ఆగాలి, అంతకు మించి పెట్టినా పెరుగుదల వేగం మారదు. ఊరి పక్కన చెట్లు కొట్టేస్తే స్థానిక యంత్రాంగం స్టేషన్‌కు అనుమతి ఇవ్వదు. మళ్లీ మొక్కలు నాటితే మెత్తబడుతుంది.

పాత పట్టాలను విద్యుదీకరించడం తేలిక. రైళ్లు తిరుగుతుండగానే మార్పిడి సాధనాన్ని లాగితే సరి, ఆవిరి, డీజిల్ ఇంజన్లు కూడా తీగల కింద నడుస్తాయి. 1999 ప్రాంతంలో వచ్చే మోనోరైల్ అలా కాదు. పాత రైలు దాని మీద నడవదు కాబట్టి ప్రతి రైలునూ డిపోలోకి పంపి ఆపాలి, పట్టాతోపాటు డిపోలూ మార్చాలి, రైళ్లన్నీ కొత్తగా కొనాలి. రద్దీ లైను మీద ఆ పని పెట్టుకోను. ప్రయాణికుల కోసం మోనోరైల్‌ను పక్కన విడిగా వేసి, బొగ్గును పాత పట్టాల మీదే ఉంచుతాను. ప్రయాణికుల రైళ్లు తప్పుకోగానే పాత లైను మీద మూడో గనికి చోటు దొరుకుతుంది.