పులస వండిన రోజు

మధ్యాహ్నం పులస పులుసు పెట్టాను. గోదారికి వరద ఎర్రనీరు వచ్చాక పులస రేటు ఎలా ఉంటుందో మా గోదావరోళ్ళకి చెప్పక్కర్లేదు, వేలల్లోనే, అదీ నేను లేసు అల్లి సంపాదించిన డబ్బులతో. ఏజెంటు ఇచ్చి వారం కూడా కాలేదు, మా మరిది ఇంటికొచ్చాడని అత్తయ్య నా దగ్గరికొచ్చి "అమ్మా, చిన్నోడికి పులసంటే ప్రాణం కదా, నీ దగ్గరేమైనా ఉన్నాయా" అంటే కాదనలేక ఇచ్చేశాను గానీ కడుపులో భగ్గుమంది.

మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు నాకు పులస తినాలనుంది అంటే ఇదే అత్తయ్య అంత డబ్బు పోసి ఇప్పుడెందుకమ్మా అన్నారు. నేనేమీ అనలేదు, మర్చిపోనూ లేదు. మా మరిదేమో తన వాటా అమ్మేసుకుని రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నాడు, వైట్‌స్పాట్ తెగులు వచ్చి మొత్తం పోయింది, మా ఆయన హామీ సంతకం పెట్టిన అప్పు మా నెత్తిన వదిలేసి కువైట్ వెళ్ళిపోయాడు. అత్తయ్యకి తుంటి ఆపరేషనైతే ఫోన్ కూడా లేదు. మొన్న రాత్రి గుమ్మంలో నిలబడి "అన్నయ్యా, తప్పయిపోయింది" అని ఏడ్చాడు, అంతే, మా ఆయన ఒక్క మాటా అడక్కుండా లోపలికి తీసుకొచ్చేశారు.

బెండకాయలు కోస్తుంటే బైబిల్లో లూకా 15 గుర్తొచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. తన వాటా పట్టుకుపోయి పాడుచేసుకుని తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి దూడని కోసి విందు చేస్తే, అన్న అలిగిన కథ. సండే స్కూల్లో ఎప్పుడూ తమ్ముడి గురించే చెప్పేవారు, పందులు, పొట్టు, తండ్రి పరిగెత్తుకురావడం. ఇవాళ నేను పొలం నుంచొచ్చి లోపలికి రానని మొరాయించిన అన్న పక్కన నిలబడ్డాను. నాకు మేకపిల్లైనా ఇవ్వలేదన్నాడే, అచ్చంగా నా మాటే.

దాక సన్నసెగ మీద పెట్టి బైబిల్ తీశాను. ద్వితీయోపదేశకాండం 21లో పెద్దకొడుక్కి రెండు పాళ్ళు అని ఉంది. అంటే తమ్ముడు తన పాలు పట్టుకుపోయాక మిగిలిందంతా అన్నకి రావాల్సిందేగా, తండ్రి కూడా "నావన్నియు నీవి" అన్నాడు. మరి ఆ కొవ్విన దూడ ఎవరి పాలులోది, ఆ ఉంగరం, ఆ చెప్పులు? లెక్క ప్రకారం చూస్తే అన్న కోపానికి అర్థముంది. క్షమించాలంటే ఎవరో ఒకళ్ళకి చేతిలోంచి పోవాల్సిందే. అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే నా పాపాల అప్పు కట్టిందెవరు? రోమా 8లో పౌలు యేసయ్యని అనేక సహోదరులలో జ్యేష్ఠుడు అంటాడు. ఆ పెద్దన్న తన ప్రాణమే పెట్టి నన్ను లోపలికి తెచ్చుకున్నాడు, వచ్చినందుకు మొహం మాడ్చుకోలేదు. ఆదివారం ఆదివారం చర్చిలో నేను చెయ్యి చాపే రొట్టె, ద్రాక్షరసం ఆయన ఖర్చే కదా. అది తల్చుకుంటే పొయ్యి దగ్గరే ఏడుపొచ్చేసింది.

ఇంకోటి, ఆ తండ్రి విందు వదిలేసి బయటికొచ్చి అన్నని కూడా బతిమాలాడు. మత్సరము ఎముకలకు కుళ్లు అని బైబిల్ సామెతల గ్రంథంలో ఉంది, మొన్నటి నుంచి నాకు నిద్ర లేదు, లేసు సూది పట్టుకుంటే పని సాగలేదు, ఇలాంటి దాన్ని వెతుక్కుంటూ కూడా ఆయన బయటికొస్తాడంటే నాకెంత ధైర్యమో.

వడ్డించేటప్పుడు జన, అదే చేప గుడ్లు, తీసి మరిది కంచంలో వేశాను. "పిల్లలకి పెట్టండి వదినా" అన్నాడు తలెత్తకుండా. "తినవయ్యా, నీకోసమేగా తెచ్చింది" అన్నాను, పైపైకి అన్నది కాదు, నిజంగా సంతోషంగా అనిపించింది, నాకే ఆశ్చర్యం.

రేపు అప్పు కాగితాలు ముందేసుకుని అన్నదమ్ములిద్దరూ కూర్చుంటారట, నన్నూ ఉండమన్నారు. వడ్డీతో కలిపి ఎంతయిందో వింటే మళ్ళీ రాజుకుంటుందేమో అని భయంగానే ఉంది. అందుకే పడుకునే ముందు ప్రార్థన చేసుకున్నాను, ప్రభువా రేపు ఆ లెక్కల దగ్గర కూడా నన్ను బయట నిలబడిపోనివ్వకు, నువ్వే వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళు అని.