బ్రెజిల్ వాళ్లకు నేనిచ్చిన అప్పు

2021 మొదట్లో, పొదుపంతా అమెరికా షేర్లలోనే ఉందన్న భయం పట్టుకుని, వర్ధమాన దేశాల కంపెనీల డాలరు బాండ్లు, అంటే డాలర్లలో తీసుకున్న అప్పుకు అవి రాసిచ్చే పత్రాలు, కొనే ఒక ఫండులో కొంత సొమ్ము పెట్టాను. బ్రెజిల్ గనులు, మెక్సికో సిమెంటు, గల్ఫ్ బ్యాంకులు, మన దేశపు విద్యుత్ కంపెనీలు... ఆ జాబితా చదువుతుంటే భూగోళం పుస్తకం తిరగేసినట్టు ఉండేది. గుంటూరులో ఉన్న నాన్నకు ఫోనులో చెబితే, "ఇన్ని దేశాల వాళ్లకు అప్పిచ్చావు, వసూలుకు ఎవరు వెళతారు నాయనా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

ఆ ఏడాది చివరికే చైనా గృహనిర్మాణ కంపెనీలు కొన్ని వరసగా బాకీలు ఎగ్గొట్టాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. రష్యా కంపెనీల బాండ్లు కొనే నాథుడే కరవయ్యాడు.

ఇవి ఎంతో కొంత ఊహించినవే. ఊహించని దెబ్బ అమెరికా నుంచే తగిలింది. ఆ ఒక్క ఏడాదిలో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటును సున్నా దగ్గర నుంచి 4.25–4.50 శాతానికి తీసుకెళ్లింది. వడ్డీ రేట్లు పెరిగితే కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తాయి కాబట్టి పాత బాండ్ల ధర పడుతుంది. అప్పు తీసుకున్నది బ్రెజిల్ కంపెనీ అయినా, పత్రం డాలర్లలో ఉంటే ఆ లెక్క తప్పదు. అమెరికా షేర్లూ అదే ఏడాది పడ్డాయి. దేశాలు మార్చాను గానీ కరెన్సీ మార్చలేదు కదా!

అయినా మొత్తం అమ్మేయలేదు. వాటా మాత్రం సగానికి తగ్గించాను. నాన్న ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా అడుగుతారు: "బ్రెజిల్ వాళ్లు వడ్డీ కట్టారా?"

"కట్టారు నాన్నా."