రాత్రి ఏడు లోపు తినేయాలట, ఎక్కడి ఏడు?

ఈమధ్య వాట్సాప్ తెరిస్తే చాలు ఒకటే గోల, రాత్రి ఏడు లోపు అన్నం తినేయాలి, తర్వాత మంచినీళ్ళు తప్ప ఏం ముట్టకూడదు అని. తినండి, నాకేం పోయింది. కానీ ఆ ఏడు ఎవరి ఏడో చెప్పండి ముందు.

మా శ్రీకాకుళంలో డిసెంబర్‌లో ఐదున్నర కాకుండానే పొద్దు గూకిపోద్ది, జూన్‌లో ఆరున్నర దాకా ఎండ పొడ ఉంటది. అంటే ఒక ఏడుకి చీకటిపడి గంట దాటిపోద్ది, ఇంకో ఏడుకి పెరట్లో ఇంకా మనిషి మొహం తెలుస్తాది.

ఇది ఒక్క ఊరి సంగతి. ఎచ్చెర్ల, గార వైపు నుంచి ఎంతమంది గుజరాత్‌లోని వేరావల్ పోయి బోట్ల మీద పనిచేస్తున్నారో మనకి తెలుసు కదా, 2018లో పాకిస్తాన్‌వాళ్ళు పట్టుకుపోయిన మనవాళ్ళు కూడా అక్కడ్నుంచి చేపల వేటకెళ్ళినవాళ్ళే. ఇక్కడ ఇంట్లో పెళ్ళాం దీపం పెట్టేసి, పిల్లలకి వడ్డిస్తూ ఫోన్ చేస్తే అటునుంచి "ఇక్కడింకా పొద్దుపోనేదు, అప్పుడే బువ్వేటే" అంటాడు మొగుడు. గడియారం ఇద్దరికీ ఒకటే, సూర్యుడే అక్కడికి దాదాపు గంట లేటుగా వెళ్తాడు. మన దేశం టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ పక్కనుంచి పోద్ది, మనం దానికి కాస్త తూర్పున 84 దగ్గర, వేరావల్ 70 దగ్గర, డిగ్రీకి 4 నిమిషాలు, ఇంక మీరే లెక్కేసుకోండి. స్పెయిన్‌వాళ్ళు మధ్యాహ్నం రెండు దాటాక తింటారని నవ్వుతాం గానీ వాళ్ళ గడియారం 1940 నుంచీ జర్మనీ టైముతోనే నడుస్తోంది, పాపం వాళ్ళ సూర్యుడు ఎక్కడో వెనకాల ఉంటాడు.

అసలు మా ఊళ్ళో తిండి టైము ఎప్పుడూ పనిని బట్టే. వేసవిలో జీడితోటకి తెల్లారకముందే పోతారు, చోడంబలి (రాగంబలి) తాగేసి, ఎండ ముదిరేలోపు గింజలు ఏరుకుని వచ్చేస్తారు, పదకొండుకల్లా అన్నం తిని పడుకోడమే. రాత్రి మాత్రం ఇంట్లో ఉడికిపోతాది కాబట్టి వాకిట్లో మంచాలేసుకుని తీరిగ్గా తొమ్మిదికి తినేవాళ్ళం, అప్పుడెవరికీ అరక్కపోడం నేను చూళ్ళేదు. వరికోతలప్పుడు వేరు, మంచుకి తడిసిన పైరు ఆరేదాకా కొడవలి పెట్టరు, కాబట్టి పొద్దున్న ఇంట్లోనే కూర్చుని చద్దన్నం తినేసి వెళ్ళొచ్చు.

వేటకెళ్ళేవాళ్ళు నిజంగానే ఏడు లోపు తినేస్తారు! డైటింగ్ అనుకునేరు, రాత్రి మూడింటికి లేచి తెప్ప సముద్రంలోకి తొయ్యాలి కదా, అందుకు. వాళ్ళ అసలు భోజనం పొద్దున్నే, చేపలు ఒడ్డుకొచ్చి వేలం అయిపోయాక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం పడితే ఆ ఏడు గంటల రూలూ ఉండదు, ఏమీ ఉండదు, ఎప్పుడు ఆకలేస్తే అప్పుడే.

సీతంపేట ఏజెన్సీలో పడమటి పక్క కొండ ఉన్న ఊళ్ళకైతే మనకంటే ముందే నీడ పడిపోద్ది, పొయ్యి కూడా ముందే రాజుకుంటాది.

ఎండ ముదిరితే టైము మార్చుకోవాలని ప్రభుత్వానికీ తెలుసు, మార్చిలో ఒంటిపూట బడులు పెడతారు కదా. ఆ రోజుల్లో మా పిల్లలు పన్నెండున్నరకి బడిలోనే తినేసి వస్తారు, ఇంట్లో ఒక్కదాన్నే ఒంటిగంటకి కూర్చుని ఏం తింటాన్లే అని నేనూ వాళ్ళ టైముకే తినేస్తున్నాను.